తప్పులు పెరిగితే లైన్లో దొంగ ఉన్నట్టా, కేబుల్ నలిగినట్టా?

కావలి విద్యార్థి:
ఎమ్మెస్సీ ఫిజిక్స్ రెండో సంవత్సరం. మా నాయన ఇరవై ఏళ్లుగా ఫైబర్ జాయింట్లు వేస్తాడు. సెమినారుకి బీబీ84 తీసుకున్నా, అంటే ఒక్కో ఫోటాన్ (వెలుతురు కణం) మీద ఒక్కో బిట్టు పంపి, ఇద్దరు రహస్య కీ తయారు చేసుకునే పద్ధతి. రాత్రి అన్నాల దగ్గర ఆయనకి చెప్పా: మధ్యలో ఎవడన్నా ప్రతి ఫోటాన్నీ పట్టి కొలిచి మళ్లీ పంపితే, రెండు వైపులా ఒకే తీరు వాడామని చూసుకుని మనం ఉంచుకున్న బిట్లలో పావు వంతు తప్పుతాయి, అట్టా దొరికిపోతాడు అని. "జేసీబీ తగిలి కేబుల్ నలిగినా తేడా వస్తది కదబ్బయ్యా, అది దొంగ పనో కాదో ఎట్టా తెలుస్తది?" అన్నాడు. నాకు జవాబు రాలేదు. తెలిసినవాళ్లు చెప్పండి.

ఒంగోలు లెక్చరర్:
మీ నాన్నగారు అసలు ప్రశ్నే అడిగారు. ఆ రెంటినీ వేరు చెయ్యరు బాబూ. ప్రతి తప్పూ దొంగదే అనుకుని లెక్క కడతారు. తప్పులు సుమారు 11 శాతం దాటితే ఆ కీ పారేస్తారు. తక్కువైతే, వాడికి ఎంత తెలిసి ఉండొచ్చో అంతమేర కీని కుదించి మిగిలింది వాడతారు.

నలిగిన కేబుల్ బిట్టును తిప్పడం కన్నా ఫోటాన్లను మింగేయడం ఎక్కువ. మంచి ఫైబర్‌లోనే కిలోమీటరుకు 0.2 డెసిబెల్ పోతుంది. ఒంగోలు నుంచి నెల్లూరికి 120 కిలోమీటర్లనుకో, ఇక్కడ వెయ్యి ఫోటాన్లు వదిలితే అక్కడికి చేరేవి నాలుగు. అప్పుడు ఫోటాన్లను పట్టే డిటెక్టర్ వెలుతురు లేకుండా ఊరికే కొట్టే క్లిక్కుల వాటా పెరిగి, తప్పుల శాతం ఎక్కుతుంది.

నెల్లూరు నెట్‌వర్క్ ఇంజినీర్:
తప్పులు పెరగకుండా దొంగిలించినవాళ్లూ ఉన్నారు తమ్ముడూ. సెమినారులో ఇది వదలొద్దు. 2010లో నార్వే పరిశోధకులు అమ్మకంలో ఉన్న యంత్రాల మీదే చేసి చూపించారు. డిటెక్టర్ మీద గట్టి వెలుతురు కొట్టి గుడ్డిదాన్ని చేశారు, ఆపైన అది వాళ్లు కొట్టమన్నప్పుడే క్లిక్ కొట్టింది. అందుకే 2012లో కొత్త పద్ధతి వచ్చింది: ఇద్దరూ ఫోటాన్లు పంపుతారు, కొలిచే పెట్టె మధ్యలో పరాయివాడి చేతిలో ఉన్నా సరే. డిటెక్టర్‌ను నమ్మే పనే లేదు.

కావలి విద్యార్థి:
ఇది నాయనకి చదివి వినిపించా అన్నా. "మా ఓటీడీఆర్‌తో లైన్లోకి వెలుతురు కొట్టి, తిరిగొచ్చేది చూసి తెగిన చోటు చెబుతాం. దొంగ కూడా పంపేవాడి పెట్టెలోకి అట్టానే కొడితే?" అంటున్నాడు.

నెల్లూరు నెట్‌వర్క్ ఇంజినీర్:
అచ్చం అదే దాడి ఉంది, ట్రోజన్ హార్స్ అంటారు. లోపల బిట్టును మార్చే పరికరానికి తగిలి తిరిగొచ్చిన వెలుతురే బిట్టు ఏదో చెప్పేస్తుంది. అందుకే పంపే పెట్టె మూతి దగ్గర వెలుతురు బయటికే తప్ప లోపలికి పోకుండా ఐసోలేటర్లు, వేరే రంగు వెలుతురు రాకుండా ఫిల్టర్ పెడతారు. అవి ఎన్ని డెసిబెల్స్ ఆపుతున్నాయో కొలవకుండా ఆ పెట్టె భద్రమని ఎవరన్నా నమ్మొద్దు. ఆ కొలత ఎట్టా తీయాలో మీ నాయన్నే అడుగు.