అప్‌డేట్: క్యాంపస్ అనౌన్స్‌మెంట్ మెయిల్స్ రావట్లేదన్న సమస్య తీరింది

హనుమకొండలో పీజీ చేస్తున్నాను, సెమినార్లు, ఆటల పోటీల మెయిల్స్ హాస్టల్‌లో అందరికీ వస్తూ నాకొక్కడికే రావట్లేదని ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అన్నలకు, అక్కలకు థాంక్స్.

స్పామ్, ప్రమోషన్స్ ట్యాబ్, ఫోన్ నోటిఫికేషన్లు, వీటికీ సమస్యకూ సంబంధమే లేదు. స్టోరేజ్ చూడమన్న అన్న మాటే నిజమైంది. జీమెయిల్, డ్రైవ్, ఫోటోస్ మూడింటికీ కలిపి ఉచితంగా వచ్చేది 15 జీబీ. అది నిండితే కొత్త మెయిల్ లోపలికి రాదు, పంపినవాళ్లకే తిరిగి పోతుంది. నా దాంట్లో సగం మేడారం జాతర వీడియోలే! వాటిని హార్డ్ డిస్క్‌లోకి మార్చి, ఇక్కడ డిలీట్ చేసి, బిన్ కూడా ఖాళీ చేశాను.

అయినా మెయిల్స్ రాలేదు. అసలు టెన్షన్ అప్పుడే. కంప్యూటర్ సెంటర్‌లో సార్ చూసి చెప్పారు: క్యాంపస్ మెయిల్స్ అందరికీ ఒకేసారి వెళ్లేది గూగుల్ గ్రూప్ అనే మెయిలింగ్ లిస్ట్ ద్వారా; ఎవరికైనా మెయిల్స్ వరసగా తిరిగొస్తే ఆ గ్రూప్ వాళ్ల అడ్రస్‌ను 'బౌన్సింగ్' అని గుర్తుపెట్టి పంపడం ఆపేస్తుందట. ఆయన సరిచేశాక సాయంత్రానికే బతుకమ్మ వేడుకల నోటీసు, వ్యాసరచన పోటీ వివరాలు వచ్చాయి.

తిరిగిపోయిన పాత మెయిల్స్ మాత్రం వాటంతటవి రావు. రూమ్మేట్‌తో ఫార్వర్డ్ చేయించుకున్నాను. వాటిలో ఒక క్విజ్ పోటీ మెయిల్ కూడా ఉంది, దాని గడువు అప్పటికే దాటిపోయింది.