అప్‌డేట్: మువ్వల్లో ఇరుక్కున్న బెండు రవ్వ

వరంగల్‌లోని మా చిన్న షెడ్డులో ఇత్తడి మువ్వలను మొక్కజొన్న బెండు రవ్వతో డ్రమ్ములో తిప్పి మెరుగు పెడతాం. తర్వాత రవ్వను వేరు చేయడానికి చేతి జల్లెడ సరిపోతుందా, చేతితో తిప్పే జాలీ బోను కావాలా, మోటారు జల్లెడ కొనాలా అని నెల క్రితం అడిగాను.

మోటారు జల్లెడే మేలని చాలామంది చెప్పారు. మన్నించాలి, నేను కొనలేదు. రోజుకు పది కిలోలు దాటని పనికి అది పిచ్చుక మీద బ్రహ్మాస్త్రం. చేతి జల్లెడలో పైపై రవ్వ రాలింది గానీ, చీలికలో దూరినది కదల్లేదు. మోగాల్సిన మువ్వ మూగబోయింది.

చివరికి వెల్డింగు దుకాణంలో జాలీతో గుండ్రటి బోను చేయించాను. విదేశాల్లో కాల్చిన తూటాల ఇత్తడి గొట్టాలను ఇలాగే మెరుగు పెట్టి మళ్లీ వాడేవాళ్లలో చాలామంది రవ్వను వేరు చేసేది ఇలాంటి దాంతోనే. బోను తిరిగితే మువ్వ పల్టీలు కొడుతుంది, చీలిక కిందికి వచ్చినప్పుడల్లా రవ్వ జారిపోతుంది. జాలీ కన్ను మువ్వకంటే చిన్నగా, రవ్వకంటే పెద్దగా ఉంటే చాలు.

మొదటిరోజు బోను నిండా పోసి భంగపడ్డాను. మువ్వలు దొర్లే చోటే లేదు. ఇప్పుడు మూడో వంతే నింపుతున్నాను. సరిగ్గా చీలిక వెడల్పున్న రవ్వ మాత్రం ఇంకా బిగుసుకుంటోంది, దాన్ని సూదితో తీయాల్సిందే. ఈసారి సన్న రవ్వ తెస్తాను. దుమ్ము విపరీతం, మాస్కు లేకుండా తిప్పకండి.