హెర్బల్ నల్ల హెన్నా ప్యాకెట్ తలకి వాడొచ్చా?

ప్రశ్న (సత్యనారాయణపురం, విజయవాడ): మొన్న అమ్మకి వేస్తే మర్నాటికి చెవుల వెనక దురద, కనురెప్పల వాపు. ప్యాకెట్ మీద హెర్బల్ అనే ఉంది. గోరింటాకు కూడా పడదా?

జవాబు 1: గోరింటాకు ఎర్రగానే పండుతుందండీ. అరగంటలో జుట్టు నల్లబడిందంటే అది పీపీడీ అనే రసాయన రంగు పనే. ప్యాకెట్ వెనక చీమతలకాయంత అక్షరాల్లో పారాఫినిలీన్ డయామిన్ (పీపీడీ పూర్తి పేరు) అని ఉందేమో చూడండి. ముందు డాక్టరుకి చూపించండి, ఆ ప్యాకెట్ కూడా తీసుకెళ్లండి. ఒకసారి పడకపోతే ఇక జన్మలో వేయకూడదు. పీపీడీ లేదని అమ్మేవాటిలో చాలావాటిలో టోలుయిన్ డయామిన్ అనే అలాంటి రసాయనమే ఉంటుంది, పీపీడీ పడనివాళ్లలో చాలామందికి అదీ పడదు.

జవాబు 2 (గుంటూరు): మిగతావాళ్లు రంగు తలకి వేసేముందు మోచేయి మడతలో రూపాయి బిళ్లంత రాసి, పడుతుందో లేదో చూడటానికి 48 గంటలు ఆగండి. పోయినసారి ఏమీ కాలేదని ఈసారి మానొద్దు.

నలుపే కావాలంటే ముందు గోరింటాకు రెండు గంటలు, కడిగాక నీలి ఆకు పొడి గంటన్నర. నీలిపొడి గోరువెచ్చని నీళ్లతోనే కలపాలి, నిమ్మరసం పడితే రంగు పట్టదు.

జవాబు 3: ప్యాకెట్లు పిల్లలకి అందనివ్వకండి. మింగితే గొంతు వాచి ఊపిరాడదు, తర్వాత కిడ్నీలు దెబ్బతింటాయి. వాంతి చేయించే ప్రయత్నాలు మాని వెంటనే 108కి ఫోన్ చేయండి.