జెర్రీ రైస్ 22,895 గజాల రికార్డు: వేగం చాలదన్న మనిషికి ఎలా సాధ్యమైంది?

గుణుపురం మేస్త్రి:

అందరికీ నమస్కారం. మాది రాయగడ జిల్లా గుణుపురం. తాపీ పని చేస్తాను. మా మేనకోడలు భువనేశ్వర్‌లో హాస్టల్లో ఉండి చదువుకుంటూ రగ్బీ ఆడుతోంది. ఒడిశాలో ఆడపిల్లలకి ఆ ఆట కొత్తేమీ కాదు, ఇక్కడి గిరిజన పిల్లలు దేశం తరఫున కూడా ఆడారు.

ఈమధ్య సెలక్షన్లకి వెళ్ళింది. బంతి పట్టడంలో దానికి ఎవరూ వంక పెట్టలేదు కానీ, పరుగులో టైమ్ చాల్లేదని పక్కన పెట్టారు. దసరా సెలవులకి ఇంటికొచ్చి సరిగా అన్నం కూడా తినలేదు. ఇంట్లో అందరికీ ఒకటే బెంగ.

అమెరికాలో ఉన్న మా బావగారి అబ్బాయి ఆ సంగతి విని ఒక వీడియో పంపాడు. జెర్రీ రైస్ అని, వాళ్ళ ఫుట్‌బాల్లో పెద్ద రికార్డులన్నీ ఆయనవేనట, ఆయన్ని కూడా మొదట్లో వేగం చాలదన్నారట. వాళ్ళ నాన్న ఇటుక పని మేస్త్రి అట, ఈయన చిన్నప్పుడు పరంజా మీద నిలబడి కింద నుంచి విసిరిన ఇటుకలు పట్టేవాడట. అది వినగానే నాకు ఆయన మీద మనసు పడిపోయింది. మా పనిలోనూ ఇటుక పైకి వెళ్ళేది అలాగే. చేతులు బిగపెట్టి పడితే అరచేతులు చీరుకుపోతాయి. ఇటుక వచ్చి తగిలే సమయానికి చేతులు కూడా దాంతోపాటు కొంచెం కిందికి రావాలి. మా పిల్ల బంతి పట్టేది కూడా అచ్చం అలాగే ఉంటుంది.

ఈ ఇటుకల సంగతి నిజమేనా? వేగం లేదన్న మనిషి అంత రికార్డు ఎలా కొట్టాడు? మళ్ళీ ఎవరూ ఎందుకు దాటలేకపోయారు? ఆట తెలిసినవాళ్ళు వివరంగా చెప్పండి. ఉత్తుత్తి ధైర్యం మాటలు చెప్తే మా పిల్ల ఇట్టే పట్టేస్తుంది.

బరంపురం వాసి:

మేస్త్రి గారూ, మీ ప్రశ్న చూశాక రాయకుండా ఉండలేకపోయాను. ఉద్యోగం మీద శాన్‌హోసేలో ఉన్నప్పుడు మా ఆఫీసులో అందరూ ఫార్టీనైనర్స్ (శాన్‌ఫ్రాన్సిస్కో ఫుట్‌బాల్ జట్టు) అభిమానులే. రైస్ అప్పటికే ఆట మానేశాడు. అయినా ఆదివారం మ్యాచ్‌లో ఎవడైనా బంతి వదిలేస్తే సోమవారం ఆయన పేరు రావాల్సిందే. అలా ఆయన పాత మ్యాచ్‌లు వెతుక్కుని చూడడం నాకు అలవాటైపోయింది.

ఇటుకల సంగతి నిజం. రైస్ 1962లో మిసిసిపీ రాష్ట్రంలో పుట్టి, క్రాఫోర్డ్ అనే చిన్న ఊళ్ళో పెరిగాడు. వేసవి ఎండల్లో అన్నదమ్ములు తండ్రితో పనికి వెళ్ళేవాళ్ళు. ఆ పనే తనకి కష్టపడడం నేర్పిందని ఆయనే చాలాసార్లు చెప్పాడు. ఫుట్‌బాల్లోకి రావడం కూడా విచిత్రంగా జరిగింది. బడి ఎగ్గొట్టి తిరుగుతుంటే వైస్ ప్రిన్సిపాల్ వెనక నుంచి వచ్చి పట్టుకోబోయాడు, ఈయన పరుగు లంకించుకున్నాడు. ఆ పరుగు చూసి దెబ్బలతోపాటు జట్టులో చోటు కూడా ఇచ్చారు. అంటే పరుగు రాని మనిషి కాదు. స్టాప్‌వాచ్‌తో కొలిచినప్పుడే అనుమానాలు వచ్చాయి.

పెద్ద యూనివర్సిటీలేవీ ఆయన్ని పట్టించుకోలేదు. మిసిసిపీ వ్యాలీ స్టేట్ అనే నల్లజాతి విద్యార్థుల కాలేజీలో చేరాడు. అక్కడి కోచ్ ఆర్చీ కూలీ బంతిని గాల్లో విసిరే ఆటే ఎక్కువ ఆడించేవాడు, విసిరే కుర్రాడు విల్లీ టాటెన్. 1984లో ఒక్క సీజన్‌లో రైస్ 27 టచ్‌డౌన్లు పట్టాడు. (టచ్‌డౌన్ అంటే బంతితో అవతలి గీత దాటడం, 6 పాయింట్లు.) ఇప్పుడు ఆ కాలేజీ స్టేడియానికి ఇద్దరి పేర్లూ కలిపి పెట్టారు. అంత ఆడినా, చిన్న కాలేజీ, ఎదుటి జట్లు బలహీనమైనవి, వేగం చాలదు అన్నారు. 1985 డ్రాఫ్ట్‌లో (పెద్ద జట్లు వంతులవారీగా కాలేజీ ఆటగాళ్ళని ఎంచుకోవడం) ఆయన స్థానంలోనే ఆడే ఆల్ టూన్, ఎడ్డీ బ్రౌన్ ముందు వెళ్ళిపోయారు.

ఫార్టీనైనర్స్ కోచ్ బిల్ వాల్ష్ మాత్రం వేరేగా చూశాడు. 1984లో హ్యూస్టన్‌లో మ్యాచ్‌కి ముందు రాత్రి హోటల్ గదిలో టీవీ పెడితే రైస్ ఆట ముక్కలు కనిపించాయి. అప్పుడే మనసులో పెట్టుకున్నాడు. ఆ ఏడాది ఛాంపియన్లు కాబట్టి డ్రాఫ్ట్‌లో వాళ్ళ వంతు చివర్లో వస్తుంది. న్యూ ఇంగ్లండ్ జట్టుతో మార్పిడి చేసుకుని ముందుకి వచ్చి, 16వ వాడిగా రైస్‌ని తీసుకున్నాడు.

ఇక వేగం మాట. మీ అమ్మాయికి ఇదే బాగా చెప్పండి. వాల్ష్ ఆటలో బంతిని మరీ దూరం విసరరు. పట్టేవాడు ఇన్ని అడుగులు వెళ్ళి, ఫలానా చోట తిరగాలని ముందే లెక్క ఉంటుంది. అతను ఇంకా తిరగకముందే బంతి చేతిలోంచి వెళ్ళిపోతుంది. ఒక్క అడుగు తేడా వస్తే బంతి ఎదుటివాడి చేతిలో పడుతుంది. రైస్ ఏ దారిలో వెళ్ళబోతున్నా మొదటి అడుగులు ఒకేలా ఉండేవి, కాపలా ఉన్నవాడికి చివరిదాకా అంతు చిక్కేది కాదు. మలుపు దగ్గర కూడా పెద్దగా నెమ్మదించేవాడు కాదు. బంతి అందుకోవడం, పరుగు అందుకోవడం రెండూ ఒకే ఊపులో జరిగేవి. పక్కవాళ్ళు సర్దుకునేలోపు పది గజాలు అదనం. నేరుగా గీసిన గీత మీద తీసే టైమ్‌లో ఇదేదీ కనిపించదు.

అలా అని రాగానే గెలిచేయలేదు. మొదటి ఏడాది చేతిలో పడ్డ బంతుల్ని వదిలేస్తుంటే సొంత స్టేడియంలోనే జనం అరిచి గోల చేశారు. అదే ఏడాది డిసెంబరులో రామ్స్ జట్టు మీద 241 గజాలు సాధించాడు. (గజాలు అంటే బంతి పట్టి జట్టుని ముందుకి తీసుకెళ్ళిన దూరం.) రెండో ఏడాది 1,570 గజాలు. తీరా ప్లేఆఫ్స్‌లో (సీజన్ చివరి నాకౌట్ మ్యాచ్‌లు) జెయింట్స్ జట్టు మీద, ఎదురుగా ఒక్కడు కూడా లేకుండా టచ్‌డౌన్‌కి పరిగెడుతూ, ఎవరూ తాకకుండానే బంతి జారవిడిచాడు. ఆ మ్యాచ్ 49-3 తేడాతో పోయింది. ఇంకొకరైతే దాని గురించి ఏళ్ళ తరబడి బాధపడేవారు. ఆయన తర్వాతి సీజన్‌లో, సమ్మె వల్ల ఆడింది 12 మ్యాచ్‌లే అయినా, 22 టచ్‌డౌన్లు పట్టాడు. 20 ఏళ్ళ తర్వాత, 2007లో రాండీ మాస్ 23 పట్టి ఆ రికార్డు దాటాడు, కానీ 16 మ్యాచ్‌లు పట్టింది. నన్నడిగితే రైస్ మొత్తం ఆటలో అన్నిటికంటే గొప్ప సంవత్సరం అదే.

ఎవరూ ఎందుకు దాటలేదన్నారు. 1985 నుంచి 2004 దాకా 20 సీజన్లు, 303 మ్యాచ్‌లు, 1,549 బంతులు పట్టి 22,895 గజాలు. మన లెక్కలో దాదాపు 21 కిలోమీటర్లు, అదీ మీదపడే మనుషుల మధ్య నుంచి. రెండో స్థానంలో ఉన్న లారీ ఫిట్జెరాల్డ్‌కి 17,492. మధ్యలో 5,403 గజాల తేడా. అంత గట్టిగా గుద్దుకునే ఆటలో 30 దాటితే చాలామంది పని అయిపోతుంది. రైస్‌కి 40 నిండిన 2002 సీజన్‌లో కూడా 1,211 గజాలు వచ్చాయి. సీజన్ అయిపోయాక మిగతావాళ్ళు సేదతీరుతుంటే శాన్ కార్లోస్‌లో ఒక కొండ దారి ఎక్కుతూ పరిగెత్తేవాడు. రెండున్నర మైళ్ళ ఎత్తుదారి అది. తనతో పరిగెత్తడానికి వచ్చిన ఆటగాళ్ళు మధ్యలో ఆగిపోయేవాళ్ళు.

జయపురం కుర్రాడు:

అన్నా, అంతా బాగుంది కానీ ఒక డౌట్. బంతి విసిరింది జో మోంటానా, తర్వాత స్టీవ్ యంగ్. ఇద్దరూ హాల్ ఆఫ్ ఫేమ్‌లో (ఆ ఆటలో మహా ఆటగాళ్ళకిచ్చే గౌరవం) ఉన్నారు. విసిరేవాళ్ళు అలాంటివాళ్ళయితే పట్టేవాడి గొప్ప ఎంత? వేరే జట్టులో పుట్టుంటే ఇంత వచ్చేదా?

బరంపురం వాసి:

తమ్ముడూ, అడగాల్సిన ప్రశ్నే అడిగావు. వాళ్ళిద్దరి వల్ల లాభం తప్పకుండా ఉంది, రైస్ కూడా కాదనడు. కానీ 2001లో ఓక్లండ్ రైడర్స్‌కి వెళ్ళాడు చూడు. అక్కడ విసిరింది రిచ్ గానన్, సహచరులు వేరు. అప్పటికే 40కి దగ్గరపడ్డాడు. మొదటి ఏడాదే 1,139 గజాలు, మరుసటి ఏడాది జట్టు సూపర్ బౌల్ (ఛాంపియన్‌ని తేల్చే ఫైనల్) దాకా వెళ్ళింది. అక్కడ టాంపా బే మీద 48-21తో ఓడిపోయారు, అది వేరే సంగతి. మోంటానా నుంచి యంగ్‌కి మారినప్పుడు కూడా బంతి తిరిగే దిశే మారిపోయింది, యంగ్ ఎడమచేతి వాటం. 1995లో, ఎక్కువగా ఆ ఎడమచేతి నుంచే, 122 బంతులు, 1,848 గజాలు రాబట్టాడు. ముగ్గురితోనూ ఒకేలా ఆడాడంటే గొప్పలో ఎక్కువ భాగం పట్టేవాడి ఖాతాలోనే వేస్తాను.

పర్లాకిమిడి డ్రిల్లు మాస్టారు:

మేస్త్రి గారూ, నేను పిల్లలకి ఆటలు నేర్పే మనిషిని, కాబట్టి ఒకటి రెండు జాగ్రత్తలు చెప్తాను. అమెరికన్ ఫుట్‌బాల్‌కీ రగ్బీకీ బంతి ఆకారంలో పోలిక ఉన్నా రూల్స్ వేరు. రగ్బీలో బంతిని చేత్తో ముందుకి విసరకూడదు. పక్కకో వెనక్కో ఇవ్వాలి. రైస్ పట్టినట్టు ముందుకి పరిగెడుతూ భుజం మీదుగా వచ్చే బంతి పట్టే అవసరం మీ అమ్మాయికి ఎక్కువగా రాదు. కాలితో ఎత్తుగా కొట్టిన బంతిని కింద నిలబడి అందుకోవడం మాత్రం ఆమె ఆటలో చాలా విలువైన పని. చేతులు బాగున్నాయంటున్నారు కాబట్టి అక్కడ పని చేయించండి.

సెవెన్స్ (జట్టుకి ఏడుగురే ఆడే రగ్బీ) అయితే వేగం లేకుండా కుదరదు, పిల్లకి ఆ మాట దాచకండి. కానీ వేగం పెంచుకోవచ్చు. కొండ దారి పరుగు మంచిదే, మన పక్క కొండలకి లోటు లేదు. తిన్నగా ఎక్కి నడుచుకుంటూ దిగాలి, దిగేటప్పుడు పరిగెత్తితే మోకాళ్ళకి చేటు.

మోకాలు అన్నాను కాబట్టి రైస్‌దే ఇంకో సంగతి. 1997లో మొదటి మ్యాచ్‌లోనే టాంపా బే మీద మోకాలి లిగమెంట్లు తెగిపోయాయి. మామూలుగా ఆ దెబ్బకి ఆ సీజన్ అయిపోయినట్టే. డిసెంబరులోనే తిరిగి వచ్చి డెన్వర్ మీద టచ్‌డౌన్ పట్టాడు. పట్టి కింద పడినప్పుడు అదే కాలి మోకాలి చిప్ప విరిగింది. తర్వాతి ఏడాది మళ్ళీ 1,157 గజాలు చేశాడు, ఆయన ఒళ్ళు అలాంటిది. మన పిల్లలకి ఆ తొందర మాత్రం వద్దు. దెబ్బ తగిలితే డాక్టర్ సరే అనేదాకా మైదానంలోకి పంపకండి.

గుణుపురం మేస్త్రి:

మాస్టారూ, బరంపురం అన్నగారూ, మీకు దండం. రాసిందంతా పిల్లకి చదివి వినిపించాను. జెయింట్స్ మీద బంతి జారిపోయిన ముక్క రెండోసారి చదవమంది. ఇప్పుడు ఆయన ఆట చూస్తానంటోంది. ఒక్క మ్యాచ్ చూడాలంటే ఏది చూడమంటారు?

బరంపురం వాసి:

1989 జనవరిలో సిన్సినాటితో జరిగిన 23వ సూపర్ బౌల్ చూపించండి. రైస్ 11 బంతులు, 215 గజాలు, మ్యాచ్‌లో ఉత్తమ ఆటగాడు కూడా ఆయనే. ఆఖరి మూడు నిమిషాలు మళ్ళీ వెనక్కి తిప్పి చూడమనండి. జట్టు 16-13తో వెనకబడి, తమ గీతకి 8 గజాల దగ్గర నుంచి మొదలుపెట్టి మైదానం మొత్తం దాటాలి. ఆ దారిలో రైస్ పట్టినవి మూడు బంతులు, 51 గజాలు. గెలిపించిన చివరి బంతి 34 సెకన్లు ఉండగా జాన్ టేలర్‌కి వెళ్ళింది. అప్పుడు మాత్రం అమ్మాయిని బంతి మీంచి కళ్ళు తీసి రైస్‌నే చూడమనండి. ఆయన పక్కకి పరిగెడుతుంటే ఎదుటివాళ్ళ కళ్ళు ఎటు వెళ్ళాయో ఆమెకే కనిపిస్తుంది.