20 నిమిషాల ఆట తర్వాత కుడి ఫ్లిప్పర్ బలహీనపడుతోంది

1980ల చివరి నాటి సాలిడ్ స్టేట్ (ఎలక్ట్రానిక్ బోర్డులతో నడిచే) పిన్‌బాల్ మెషిన్. బంతిని కొట్టే ఫ్లిప్పర్లకు 50 వోల్టుల డీసీ. ఈఓఎస్ (ఎండ్ ఆఫ్ స్ట్రోక్) స్విచ్ మామూలుగా మూసి ఉండి, బ్యాట్ (ఫ్లిప్పర్ చేయి) పూర్తిగా లేచాక తెరుచుకుని, దాన్ని లాగే కాయిల్‌కు కరెంటు తగ్గించే రకం. ఆన్ చేయగానే రెండు ఫ్లిప్పర్లూ గట్టిగా కొడతాయి. 20 నిమిషాలు ఆడాక కుడిది బంతిని ఎడమ ర్యాంపులో సగం వరకే పంపుతుంది. ఆ షాట్ లేకపోతే ఈ మెషిన్‌లో ఆటే లేదు. అరగంట ఆపితే మళ్లీ మామూలే.

కుడివైపు ప్లంజర్, లింక్, కాయిల్ స్టాప్, నైలాన్ స్లీవ్ అన్నీ కొత్తవి వేశాను. బ్యాట్ పైకీ కిందికీ ఒక మిల్లీమీటరు ఆడేలా వదిలాను (మరీ బిగిస్తే బుషింగ్‌కు రాసుకుని ఫ్లిప్పర్ ఇలాగే నీరసిస్తుంది). ఈఓఎస్ టంగ్‌స్టన్ పాయింట్లను ఆకురాయితో రుద్ది, స్ట్రోక్ చివర 3 మిల్లీమీటర్లు తెరుచుకునేలా సర్దాను. కాయిళ్లను అటూ ఇటూ మార్చినా బలహీనత కుడివైపే ఉంది, కాబట్టి తప్పు కాయిల్‌ది కాదు. వేడెక్కాక బటన్ నొక్కకుండా కొలిస్తే రెండు వైపులా వోల్టేజీ ఒకటే.

ఇక మిగిలినవి బటన్ వెనకున్న లీఫ్ స్విచ్, రిలే పాయింట్లు, కనెక్టర్ పిన్నులు. బటన్ నొక్కగానే ఈఓఎస్ తెరుచుకుని కరెంటు తగ్గిపోతుంది, మీటరుకు రీడింగ్ చూపే సమయమే దొరకదు.

కాయిల్ కాలిపోకుండా, పూర్తి కరెంటు పారుతున్నప్పుడు ఈ మూడింటిలో వోల్టేజీ ఎక్కడ పడిపోతోందో ఎలా కొలవాలి?