ఫు సినియన్: ఊరేగింపు నడిపిన విద్యార్థి అధ్యక్షుడైనప్పుడు

ప్రశ్న

ఆధునిక చైనా మేధావుల గురించి చదువుతుండగా ఫు సినియన్ (1896–1950) జీవితం నన్ను ఆపింది. 1919 మే 4న బీజింగ్ వీధుల్లో విద్యార్థుల ఊరేగింపును ముందు నిలిచి నడిపినవారిలో ఆయన ఒకరు. దాదాపు ముప్పై ఏళ్ళకు ఆయన తైపేలోని జాతీయ తైవాన్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడుగా ఉండగా, 1949 ఏప్రిల్ 6న ప్రభుత్వ బలగాలు అక్కడి విద్యార్థులను అరెస్టు చేశాయి. అప్పుడు ఆయన ఎవరి పక్షాన నిలిచారు? ఆయనను ముఖ్యంగా చరిత్రకారుడిగా చూడాలా, విశ్వవిద్యాలయ పాలకుడిగా చూడాలా? తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

రెండో ప్రశ్నతో మొదలుపెడతాను, ఎందుకంటే ఆయన పాలన ఆయన చరిత్ర దృష్టి నుంచే పుట్టిందని నా అభిప్రాయం. లండన్‌లోనూ బెర్లిన్‌లోనూ చదువుకొని 1926లో తిరిగి వచ్చిన ఫు, 1928లో చైనా జాతీయ పరిశోధనా సంస్థ అయిన అకాడెమియా సినికాలో చరిత్ర, భాషాశాస్త్ర సంస్థను స్థాపించి, చనిపోయేవరకూ దానికి సంచాలకుడుగా ఉన్నారు. చరిత్ర రచన అంటే ఆధారాల పరిశీలనే అని, పుస్తకాల ముందు కూర్చోవడం చాలదని, ఆకాశం నుంచి పాతాళం దాకా కాళ్ళూ చేతులూ ఆడించి వెతకాలని ఆ ఏడాదే రాశారు. ఆ మాట ఆచరణలోకి వచ్చింది. అన్యాంగ్‌లో ప్రాచీన షాంగ్ వంశపు రాజధాని తవ్వకాలు 1928లో మొదలై, లీ జీ నాయకత్వంలో సాగి, 1937లో యుద్ధం వచ్చేదాకా పదిహేను విడతలు నడిచాయి. మింగ్, చింగ్ వంశాల రాజాస్థానాల దస్తావేజులను 1921లో చిత్తుకాగితాల కింద అమ్మేస్తే, అవి చేతులు మారి చివరికి 1929లో ఈ సంస్థకు చేరాయి. ఆయన సొంత రచనలు తక్కువే కావచ్చు. ఇతరులు పరిశోధన చేయగల చోటును నిలబెట్టడం కూడా చరిత్రకారుడి పనే.

రెండవ సమాధానం

పై సమాధానంతో చాలావరకు ఏకీభవిస్తూనే ఒక సవరణ చెప్పాలి. ఆధారాలే చరిత్ర అన్న మనిషే, జపాన్ మంచూరియాను ఆక్రమించగానే, ఆ ప్రాంతం చైనాదేనని నిరూపించడానికి 1932లో ఈశాన్య చైనా చరిత్రను హడావుడిగా వెలువరించారు. అందులోని తప్పులను సాటి చరిత్రకారులు తీవ్రంగా ఎత్తిచూపారు. దేశభక్తి ఆయన పద్ధతిని మించిపోయిన సందర్భం అది. ఆ కాఠిన్యమే 1945లో, అధ్యక్షుడిగా నియమితుడైన హూ షి అమెరికా నుంచి తిరిగి వచ్చేవరకు పెకింగ్ విశ్వవిద్యాలయ తాత్కాలిక అధ్యక్షుడుగా ఉన్నప్పుడూ కనిపిస్తుంది: జపాన్ ఆక్రమణలో నడిచిన విశ్వవిద్యాలయంలో పనిచేసిన అధ్యాపకులను ఆయన చేర్చుకోలేదు. కుటుంబాలు వదిలి వెళ్ళలేక ఉండిపోయినవారు కూడా వారిలో ఉండి ఉంటారన్న ఆలోచన నన్ను కలవరపెడుతుంది.

మూడవ సమాధానం

మొదటి ప్రశ్నకు వస్తాను. మే 4 మర్నాడే సాటి విద్యార్థితో తగాదా జరిగి ఆయన ఉద్యమ నాయకత్వం నుంచి తప్పుకున్నారు కనుక, ఆయనను జీవితాంతపు ఉద్యమకారుడిగా ఊహించుకోకూడదు. ఆయన కమ్యూనిస్టు వ్యతిరేకి, చాంగ్ కై-షెక్ నడిపిన జాతీయ ప్రభుత్వ పక్షం మనిషి. అయినా 1947లో ఆ ప్రభుత్వపు ప్రధానమంత్రి స్థానంలో ఉన్న టి. వి. సూంగ్ గద్దె దిగాల్సిందేనని పత్రికలో బహిరంగంగా రాశారు. కొద్ది వారాల్లోనే సూంగ్ రాజీనామా చేశారు. 1949 ఏప్రిల్‌లోనూ అంతే. అధికారంలో ఉన్నవారితో తనకున్న సాన్నిహిత్యాన్ని అడ్డుపెట్టుకొని మౌనంగా ఉండకుండా, విద్యార్థులను అలా పట్టుకుపోవడంపై తన అభ్యంతరాన్ని అధికారుల ముందే గట్టిగా తెలియజేశారు. అరెస్టులను ఆపలేకపోయారన్నది నిజమే. కానీ ఆ రోజుల్లో తైపేలో అలా మాట్లాడగలిగినవారు చాలా కొద్దిమంది.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. తైవాన్‌లో ఆయన ఎంతకాలం పనిచేయగలిగారు?

మూడవ సమాధానం ఇచ్చినవారు

రెండేళ్ళు కూడా నిండలేదండి. 1949 జనవరిలో పదవి చేపట్టారు. 1950 డిసెంబరు 20న తైవాన్ ప్రాంతీయ సభలో విశ్వవిద్యాలయం గురించిన ప్రశ్నలకు సమాధానాలు చెప్పి కూర్చున్నాక మెదడులో రక్తనాళం చిట్లి కుప్పకూలి, ఆ రాత్రే మరణించారు. సమాధి విశ్వవిద్యాలయ ఆవరణలోనే ఉంది. అక్కడ ఆయన పేరిట ఉన్న గంటను ఇరవై ఒక్కసారి మోగిస్తారు. రోజుకు ఇరవై ఒక్క గంటలే ఉన్నాయని, మిగిలిన మూడు గంటలు ఆలోచనకు కేటాయించాలన్న ఆయన మాటను బట్టి ఆ లెక్క వచ్చింది.