ఈ వారం సమస్య: మంచు కురిసె నెల్లూరిలో మండుటెండ

నిర్వాహకుడు, నెల్లూరు:
శివరాత్రికి చలి శివశివా అని వెళ్ళిపోతుందంటారు. ఈ ఏడు ఫాల్గుణం సగమైనా తెల్లారుజామున పెన్న బ్రిడ్జి మీద ఎదుటి బండి కనపడనంత మంచు, పది గంటలకల్లా చెప్పుల్లేకుండా మేడెక్కలేనంత ఎండ. నిన్న పొద్దున బ్రిడ్జి దాటుతుంటే ఈ పద్యపాదం దానంతటదే వచ్చింది, ఇంటికి పోయేదాకా వదల్లేదు.

మంచు కురిసె నెల్లూరిలో మండుటెండ

ఇదే చివరి పాదంగా, దీనికి అర్థం కుదిరేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి. పొద్దున మంచు, మధ్యాహ్నం ఎండ అని సర్దేస్తే మాత్రం ఒప్పుకోను. ఆదివారం రాత్రి దాకా గడువు.

కావలి మాస్టారు:
మా ఇంట్లో మొన్న జరిగిందే రాశాను.

పాత ఫ్రిజ్జును గడుగుచు బట్టి యొకడు
గడ్డకట్టిన తెల్లని గరుకుపొరలు
గీచి మేడపై నుండి తా గింద జల్ల
మంచు కురిసె నెల్లూరిలో మండుటెండ

ఒంగోలు అక్కయ్య:
మాస్టారూ, రెండో పాదం చదువుతుంటే ఆ పొరలు చేతికి తగిలినట్టే ఉంది, చాలా బాగుంది. కానీ చివర మండుటెండ ఏం చేస్తోంది? మంచు కురిసింది, కురిపించింది మీ పిల్లవాడు. ఎండకు పని లేదు. ‘మండుటెండలో’ అని మేమే అనుకోవాలా? పోయిన నెల నా పద్యంలో విభక్తి లేదని నాలుగు రోజులు వదలకుండా రాసింది మీరే కదా.

పొదలకూరు నిమ్మతోట:
నాది వేరే అనుమానం. ‘పాత ఫ్రిజ్జు’లో ‘త’ గురువు (బరువుగా పలికే అక్షరం) కాదా? పక్కన ‘ఫ్రి’ ఉంది. గురువైతే మొదటి గణమే (గురు లఘువుల గుంపే) పోయింది.

కావలి మాస్టారు:
కాదు. పాత తెలుగు మాట, ఫ్రిజ్జు ఇంగ్లీషు నుంచి వచ్చింది, ఇదేం సంస్కృత సమాసం కాదు. ‘త’ లఘువే, తేలికగా పలికే అక్షరమే. అక్కయ్య గారు అడిగిన విభక్తి మాత్రం నిజమే, దానికి నా దగ్గర జవాబు లేదు.

పొదలకూరు నిమ్మతోట:
సంక్రాంతి కందపద్యంలో పాదాల రెండో అక్షరంగా లకు ళ ప్రాస వేసినప్పుడూ ఇలాగే దబాయించారు.

కావలి మాస్టారు:
ల, ళలకు ప్రాస చెల్లుతుందయ్యా. అప్పుడూ చెప్పాను, ఇప్పుడూ చెబుతున్నాను.

ఒంగోలు అక్కయ్య:
ఆ సంక్రాంతి గొడవ మళ్ళీ ఎత్తొద్దు. ఇదిగో నాది.

ఫోనులో నేను చూచితి పొద్దుపొడుపు
వేళ వాతావరణమును, వింత గాదె,
చిన్నమనుమడు సిమ్లాకు జేర్చె దాని
మంచు కురిసె నెల్లూరిలో, మండుటెండ!

కావలి మాస్టారు:
యతులన్నీ, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదిరే జతలన్నీ, శుభ్రంగా ఉన్నాయి. ‘ఫో’కు ‘పొ’ వేసిన చోట ఆగి రెండుసార్లు చదువుకున్నాను. అయితే ఫోనులో ఊరు సిమ్లా అని మారిస్తే పైన సిమ్లా అనే పేరు వస్తుంది గానీ నెల్లూరు అని రాదు కదమ్మా. మరి మంచు నెల్లూరిలో ఎట్లా కురిసింది?

ఒంగోలు అక్కయ్య:
నేను ఆ రోజు నెల్లూరులో మా అమ్మాయి ఇంట్లోనే ఉన్నాను. కళ్ళజోడు లేకుండా చూశాను, పేరు కనపడలేదు, తెల్లటి చుక్కలు రాలే బొమ్మే కనపడింది. నా చేతిలో మంచు కురిసింది, కిటికీ బయట ఎండ. మండుటెండ విడిగా నిలబడింది, దానికి విభక్తి అక్కర్లేదు.

నిర్వాహకుడు:
ఒప్పుకున్నాను. కానీ విరామం పెట్టి రెండు ముక్కలు చేస్తే సమస్య సగం వీగిపోతుంది. ఎండే మంచు కురిపించాలి, లేదా ఎండే కురవాలి. అలా ఎవరైనా చేస్తారేమో చూస్తున్నాను.

కందుకూరు తమ్ముడు:
మొదటిసారి రాస్తున్నాను, తప్పులుంటే చెప్పండి.

చైత్ర మాసాన మామిడి చెట్టు కింద
బట్ట లారవేయుచు నుంటి, పైన పూత
రాలె తెల్లగా తలపైన రాశి యగుచు
మంచు కురిసె నెల్లూరిలో మండుటెండ

కావలి మాస్టారు:
తమ్ముడూ, ఊహ మా అందరికంటే చక్కగా ఉంది. ఒక్క అక్షరం జారింది. ‘చై’కి ‘చె’ యతి కుదరదు. రెండూ చకారమే అయినా ఐత్వం అ, ఆ, ఔలతో కలుస్తుంది, ఎత్వంతో కలవదు. చదివేటప్పుడు చెవికి తేడా తెలియదు, అందుకే చాలామంది ఇక్కడే పడతారు.

ఒంగోలు అక్కయ్య:
ఇంకొకటి. చైత్రానికి మామిడికి పూతెక్కడిది నాయనా, పిందెలు కాయలై ఉంటాయి. ఉగాదికి తెల్లగా రాలేది వేపపూత.

పొదలకూరు నిమ్మతోట:
అంత ఎండ పెట్టుకుని బట్టలు నీడలో ఆరేయడమేంటి?

కందుకూరు తమ్ముడు:
మా అమ్మ రంగు చీరలు ఎప్పుడూ నీడలోనే ఆరేయమంటుందన్నా, ఎండలో వెలిసిపోతాయని. వాషింగ్ మెషీన్ కొన్నాక ఉతికే పని తప్పింది, ఆరేసే పని నాకు పడింది.

పొదలకూరు నిమ్మతోట:
సరే, నాది చూడండి. నిన్న మధ్యాహ్నం కరెంటు లేని రెండు గంటల్లో కట్టాను.

కూలరుకు నీళ్లు పోయుచు గుంగిపోతి
రెక్క లాగెను; పోయె గరెంటు నేడు
చేతి విసనకర్రను మించి చెమట గార్చు
మంచు కురిసె నెల్లూరిలో మండుటెండ

నిర్వాహకుడు:
ఆహా! కార్చుము అంచు, కార్చుమంచు! మంచే లేదిక్కడ. ‘చెమట కార్చు’ అంటూ మండుటెండే కురిసింది. కర్త దొరికింది, విభక్తి గొడవ తీరింది, పాదంలో ఒక్క అక్షరం కదల్లేదు. పొద్దున్నుంచి నేను చూస్తున్నది దీనికోసమే.

కావలి మాస్టారు:
విరుపు గొప్పది, మనస్ఫూర్తిగా అంటున్నాను. కానీ ఎండ కాస్తుంది, కురవదు.

పొదలకూరు నిమ్మతోట:
నిప్పులు కురిసే ఎండ అని మీరే అంటారు మాస్టారూ. ‘రెంటు’కు ‘రెక్క’ దొరకడానికి ఎంతసేపు పట్టిందో కూడా అడగండి.

ఒంగోలు అక్కయ్య:
నిజం, కరెంటును పద్యంలో ఇరికించడం కష్టం, మొదటి అక్షరం లఘువు, రెండోది గురువు. దాన్ని ‘పోయె’ వెనక దాచి నడిపించావు. ఈసారి పొదలకూరుదే.

కావలి మాస్టారు:
ఎంతైనా భారతంలో 15 పర్వాలు రాసిన తిక్కన గారి జిల్లా కదా.

ఒంగోలు అక్కయ్య:
అరణ్యపర్వంలో మిగిలిపోయింది పూర్తి చేసింది మా ఎర్రన, మాస్టారూ. పూరణ అంటే ముందు మా వైపు చూడాలి. కందుకూరు తమ్ముడు కూడా 2022 దాకా మా జిల్లావాడే.

నిర్వాహకుడు:
జిల్లాల సంగతి మరో రోజు మాట్లాడుకుందాం. మాస్టారూ, ఆ ఫ్రిజ్ మంచు దేంతో గీకారు? కత్తి వాడొద్దు. లోపలి గొట్టానికి చిల్లి పడితే గ్యాసంతా పోతుంది. స్విచ్ ఆపి తలుపు తెరిచిపెడితే ఈ ఎండకు దానంతటదే కరుగుతుంది.

కావలి మాస్టారు:
చెక్క గరిటెతోనే గీకాడు. ఇకముందు అదీ వద్దని చెబుతాను.

కందుకూరు తమ్ముడు:
మొదటి పాదం మార్చాను. యతి చూడండి.

చైత్ర మాసాన వేపల చలువ నీడ
బట్ట లారవేయుచు నుంటి, పైన పూత
రాలె తెల్లగా తలపైన రాశి యగుచు
మంచు కురిసె నెల్లూరిలో మండుటెండ

కావలి మాస్టారు:
‘చై’కి ‘చ’ సరిపోయింది. ‘చలువ’ అన్న మాట వచ్చాక చివరి ‘మండుటెండ’ ఇంకా మండుతోంది చూడు. విభక్తి నీకూ లేదు, నాకూ లేదు. అయినా ఇది నా దానికంటే మంచి పద్యం.